పనస పలకలు అతకడానికి తుక్కుతో క్లాంపు ప్రెస్: ఛానల్ ఉంది, జాకీ ఉంది, ఎలా కట్టాలి?

పనస_చెక్క (పలాస)
2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. కొబ్బరి పోయింది, జీడి పోయింది. పనస మొద్దును మాత్రం కట్టెలకి అమ్మడానికి నాన్న ఒప్పుకోలేదు. కోత మిల్లులో పలకలు కోయించి, మధ్యమధ్య పట్టీలు పెట్టి షెడ్డులో పేర్చి ఉంచాం. ఇన్నేళ్లకి బాగా ఆరింది, పసుపు కూడా ముదిరి గోధుమ రంగుకి తిరిగింది.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో భోజనాల బల్ల చేయాలని ఉంది. ఒక్కో పలక ఆరంగుళాల వెడల్పు, చిత్రిక పట్టాక 32 మిల్లీమీటర్ల మందం. మొత్తం ఆరు పలకలు, ఐదు అతుకులు.

ఆగిపోయింది క్లాంపుల (జిగురు ఆరేదాకా పలకల్ని బిగించి పట్టే సాధనాల) దగ్గర. నాలుగడుగుల క్లాంపులు అరడజను కొనాలంటే ఆ డబ్బుకి తయారుగా ఉన్న బల్లే వచ్చేస్తుంది. ఊళ్లో ఒక మేస్త్రిని అడిగితే మేకులు కొట్టి తాడుతో బిగిస్తానన్నారు. అలా చేసిన తలుపు ఒకటి చూశాను. ఎండాకాలం వచ్చేసరికి అతుకుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది.

నా దగ్గరున్న సామాను: పాత షెడ్డు విప్పితే వచ్చిన ఆరడుగుల 75 ఛానల్ (75 మిల్లీమీటర్ల వెడల్పు దోనె ఆకారపు ఇనుము) ముక్కలు నాలుగు, 5 టన్నుల లారీ జాకీ, శ్లాబు సెంట్రింగ్ వాళ్ల దగ్గర కొన్న పాత జాకీ రాడ్లు ఆరు (మర ఉన్న లావు రాడ్లు, నట్టులతో సహా), లారీ కమాను పట్టీలు, జీఐ (జింకు పూత ఇనుప) పైపులు, పెంకుటిల్లు విప్పినప్పటి మద్ది వాసాలు, ఒక పాత రైల్వే స్లీపరు చెక్క.

ఛానళ్లతో గేటులా ఒక ఫ్రేము కట్టి, మధ్యలో లారీ జాకీ పెట్టి నెడదామనుకుంటున్నాను. సరిపోతుందా? చేసినవాళ్లు చెప్పండి.

వెల్డింగ్_రాజాం
భేషుగ్గా సరిపోతుంది. 5 టన్నులంటే మాటలా! ఫ్రేము మూలల్లో కమాను పట్టీలు వెల్డింగ్ చేసేయండి, ఏనుగు ఎక్కినా కదలదు.

నాగావళి_గట్టు
ఆరిన పనస పలకలు అంత సైజులో ఉన్నాయంటే అదృష్టవంతులు. అమ్మే ఆలోచన ఉంటే ముందు నాకు చెప్పండి.

పనస_చెక్క (పలాస)
అమ్మను గట్టు గారూ. నాన్న వింటే నన్ను ఇంట్లోంచి పంపేస్తారు.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
వెల్డింగ్ తమ్ముడు చెప్పినదానికి నేను ఒప్పుకోను. ఫ్రేము కట్టేముందు కాస్త లెక్క చూద్దాం.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు అతుకు పట్టాలంటే మెత్తటి చెక్కకి చదరపు సెంటీమీటరుకి 7 నుంచి 10 కిలోల ఒత్తిడి కావాలి. గట్టి చెక్కకి 12 నుంచి 17 దాకా. పనసకి 10 అనుకుందాం. మీ అతుకు పొడవు సుమారు 180 సెంటీమీటర్లు, మందం 3.2. అంటే 576 చదరపు సెంటీమీటర్లు. పదితో గుణిస్తే 5,760 కిలోలు, దాదాపు ఆరు టన్నులు. అతుకులు ఐదు కదా, ఐదింతలు కావాలా అని కంగారు పడకండి. పలకలన్నీ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఒక అంచు నుంచి నెట్టిన బలమే అన్ని అతుకుల గుండా పోతుంది. ఆరు టన్నులు చాలు.

చూశారా, 5 టన్నుల జాకీ ఇంచుమించు సరిపోయేలాగే ఉంది. చిక్కు వేరే చోట ఉంది. జాకీ నెట్టేది ఒక్క చోట. చెక్కలో ఒత్తిడి రెండు పక్కలకీ సుమారు 45 డిగ్రీల్లో విచ్చుకుంటుంది. మీ పలక వెడల్పు 15 సెంటీమీటర్లు, అంటే మొదటి అతుకు చేరేసరికి నడిమి 30 సెంటీమీటర్లకే ఒత్తిడి అందుతుంది. తతిమ్మా 150 సెంటీమీటర్ల అతుకు ఖాళీగా ఉండిపోతుంది.

అంచు పొడవునా 75 ఛానల్ పెట్టి దాని మీద జాకీ నెడతామంటారు, అదీ చూద్దాం. 5,000 కిలోలు మధ్యలో నెడితే, 180 సెంటీమీటర్ల మేర పరిస్తే, వంచే బలం 5,000 గుణకారం 180 భాగారం 8. అంటే 1,12,500 కిలో సెంటీమీటర్లు. 75 ఛానల్‌ను నిలువుగా పెడితే దాని సెక్షన్ మాడ్యులస్ (వంపుని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) 20 దగ్గర ఉంటుంది. భాగిస్తే చదరపు సెంటీమీటరుకి 5,600 కిలోలు వస్తుంది. మామూలు ఇనుము 2,500 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. మీ ఛానల్ విల్లు అవుతుంది, చివర్లు అసలు తాకవు.

వెల్డింగ్_రాజాం
రెండు ఛానళ్లు వీపుకి వీపు పెట్టి వెల్డు చేస్తే?

లెక్కల_మాస్టారు (విజయనగరం)
అప్పుడు 2,800. అప్పటికీ దాటుతోంది తమ్ముడూ. 100 ఛానళ్లు జంటగా పెడితే 1,500కి దిగుతుంది, ఆగుతుంది. కానీ ఆయన దగ్గర ఉన్నవి 75లు. ఒక పెద్ద బలం కంటే ఆరు చిన్న బలాలు నయం. ఆయన దగ్గర సెంట్రింగ్ రాడ్లు ఆరు ఉన్నాయి కదా, అవే అసలు ఆస్తి. ఒక్కొక్కటి టన్ను నెడితే చాలు, 30 సెంటీమీటర్లకి ఒకటి. ఒత్తిడి విచ్చుకునే లెక్కకి కూడా సరిగ్గా సరిపోయింది.

కొత్త_ఉలి
చేత్తో తిప్పితే టన్ను వస్తుందా మాస్టారూ? నమ్మకం కుదరడం లేదు.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
వస్తుంది. మామూలు 16 మిల్లీమీటర్ల బోల్టుకి పాతిక సెంటీమీటర్ల పిడి పెట్టి 13 కిలోల బలంతో లాగితే దాదాపు వెయ్యి కిలోల బిగింపు వస్తుంది. బావిలోంచి బిందె తోడినంత శ్రమ కూడా పడదు. సెంట్రింగ్ రాడ్డు అంతకంటే లావు, మర ముతక, అందుకని ఇంకొంచెం పొడుగు పిడి కావాలి. అంతే తేడా.

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
మాస్టారి లెక్క నాకు నచ్చింది. జాకీ గురించి ఇంకొకటి. మీ లారీ జాకీ బాటిల్ జాకీ (నూనె ఒత్తిడితో లేచే సీసా ఆకారపు జాకీ) అయితే, అది నిలబెట్టి వాడడానికి చేసినది. పడుకోబెట్టినా కొన్ని పనిచేస్తాయి, అదీ పంపు భాగం కిందికి ఉంటేనే. తలకిందులుగా అసలు పనిచేయదు. పైగా పాత జాకీ సీల్ అరిగి ఉంటే రాత్రికి రాత్రి మెల్లగా దిగిపోతుంది. జిగురు పట్టేలోపు ఒత్తిడి పోయిందన్నమాట. మర అలా కాదు, బిగించినచోటే ఉంటుంది.

కమాను పట్టీలు వెల్డు చేయమని పైన అన్నారు. దయచేసి వద్దు. అది కార్బను ఎక్కువున్న స్ప్రింగ్ ఉక్కు. ముందుగా వేడి చేయకుండా, మెల్లగా చల్లార్చకుండా మామూలు రాడ్డుతో అతికిస్తే అతుకు పక్కనే పెళుసెక్కుతుంది. బరువు పడినప్పుడు టప్పున విరిగి ఎగిరొస్తుంది. ముఖం దగ్గర పెట్టుకునే పనికి ఆ సాహసం వద్దు.

వెల్డింగ్_రాజాం
కమాను సంగతి ఒప్పుకుంటాను అన్నా. మా దగ్గర ట్రాలీలకి కమాను బోల్టుతోనే కడతాం, వెల్డు పెట్టం. సెంట్రింగ్ నట్టు కూడా అంతే. అది పోత ఇనుము. మామూలు రాడ్డుతో వెల్డు చేస్తే చల్లారేటప్పుడు చీరుకుంటుంది. దాన్ని వెల్డు చేయకుండా ఒక ఇనుప పలకకి రంధ్రం చేసి, చెక్క పలకలు ఉన్న వైపు నుంచి ఆనించి కూర్చోబెట్టాలి. రాడ్డు నెట్టినప్పుడు నట్టు ఆ ఇనుప పలకనే తన్నుతుంది, ఎక్కడికీ పోదు. తిరక్కుండా అటూ ఇటూ రెండు యాంగిల్ ముక్కలు అడ్డం పెడితే చాలు.

ఇంకో మాట. జీఐ పైపు వెల్డు చేస్తే ముందు ఆ తెల్లపూత గ్రైండరుతో పూర్తిగా తీసేయండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. షాపులో పిల్లలకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

పనస_చెక్క (పలాస)
ఎంత మేలు చేశారు! పైపులు ఇవాళే షాపుకి పంపబోతున్నాను, ఆపేశాను.

వడ్రంగి_ఇల్లు (నరసన్నపేట)
మొత్తం చదివాను. మా తాతగారు, నాన్నగారు వడ్రంగులే. తాడు, చీలిక (ఏటవాలుగా చెక్కి సందులో కొట్టే చెక్క ముక్క) లాంటి పాత పద్ధతుల్ని తేలిగ్గా తీసేస్తున్నారు, అది నాకు బాధగా ఉంది. తలుపు అతుకు విచ్చుకుందంటే దానికి తాడు కారణం కాదు. పచ్చి చెక్క వాడారు, లేదా అంచు సరిగ్గా చిత్రిక పట్టలేదు. మా నాన్నగారు గుమ్మం బల్ల మీద రెండు కొయ్యలు దిగ్గొట్టి, పలకలు మధ్యలో పెట్టి, ఎదురెదురు చీలికలు జంటగా కొట్టి బిగించేవారు. ఏటవాలు తక్కువున్న చీలికని సుత్తితో కొడితే వచ్చే బలం చిన్నది కాదు, జారిపోదు కూడా. ఆ తలుపులు ఇవాళ్టికీ ఉన్నాయి. ఇనుము అసలు అక్కర్లేదు.

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
మీరన్నది నిజం. జంట చీలికలు మంచి పద్ధతి. ఆరు మరలు లేనివాళ్లకి నేను కూడా అదే చెబుతాను. కానీ చీలిక కొట్టేటప్పుడు ఒకటి బిగిస్తే పక్కది వదులవుతుంది. జిగురు పెట్టాక చేతిలో పది నిమిషాలే ఉంటాయి, మన ఎండకి ఇంకా తక్కువ. ఒక్కరే పని చేసేవాళ్లకి మర తిప్పడం సులువు.

వడ్రంగి_ఇల్లు (నరసన్నపేట)
మా ఇంట్లో ఇద్దరు చెరోపక్క నిలబడి ఒకేసారి కొట్టేవారు. మా అమ్మ ఒక పక్క. అమ్మ సుత్తి దెబ్బ నాన్నగారి దెబ్బ కంటే సూటిగా పడేదని ఊళ్లో చెప్పుకునేవారు.

ఉద్దానం_కొబ్బరి (కవిటి)
అమ్మగారికి నమస్కారం. పనస గారూ, ఆ ప్రెస్ తయారయ్యాక మా కొబ్బరి కూడా కాస్త పిండిపెట్టండి, నూనెకి వస్తాం.

పనస_చెక్క (పలాస)
ముందు బల్ల, తర్వాత నూనె. బల్ల అయ్యాక దాని మీదే భోజనం పెడతాను, రండి.

కొత్త_ఉలి
రైల్వే స్లీపరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ప్రెస్ కింద దిమ్మగా పెట్టొచ్చా?

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
పాత స్లీపర్లకి చెక్క పుచ్చకుండా క్రియోసోటు నూనె ఎక్కించి ఉంటుంది. చర్మానికి మంచిది కాదు, దుమ్ము పీలిస్తే ఇంకా చెడ్డది, జిగురూ పట్టదు. కోయొద్దు, చిత్రిక పట్టొద్దు, భోజనాల బల్ల ఛాయల్లోకి రానివ్వొద్దు. మంటలో కూడా వేయకండి.

ఇప్పుడు అసలు కట్టడం గురించి రాస్తాను, కాస్త పెద్దదే.

ఒక్కో క్లాంపుకి రెండు వాసాలు తీసుకోండి, నాలుగడుగులవి. ఒకటి పలకల పైన, ఒకటి కింద. రెండింటి మధ్యలో పలకలు ఉంటాయి. ఒక కొసన రెండు వాసాల గుండా 16 మిల్లీమీటర్ల బోల్టు, దానికి ఆనేలా ఒక అడ్డ దిమ్మ. ఇది కదలని వైపు. రెండో కొసన రెండు వాసాల మధ్య ఇనుప పలక, దాని రంధ్రంలోంచి సెంట్రింగ్ రాడ్డు. వెల్డింగ్ రాజాం గారు చెప్పినట్టు నట్టు ఆ ఇనుప పలకకి లోపలి వైపున, అంటే చెక్క పలకలున్న వైపున, ఆనాలి. బోల్టుకి పది సెంటీమీటర్ల ఎడంలో వరసగా రంధ్రాలు వేసుకుంటే రేపు చిన్న బల్లకీ పనికొస్తుంది.

పైనా కిందా రెండూ ఎందుకంటే, ఒక్క వాసం కిందే పెట్టి బిగిస్తే బలం వాసానికి పక్కగా పడుతుంది. వాసం వంగుతుంది, దాంతోపాటు పలకల వరస మధ్యలో పైకి లేచి గొడుగులా అవుతుంది. రెండు పక్కలా వాసాలుంటే నెట్టే గీత సరిగ్గా పలక మందం నడిమిలోంచి పోతుంది. అదే వాసాలు పలకల్ని ఎగుడుదిగుడు లేకుండా పట్టి ఉంచుతాయి కూడా. దానికి ఒక చిన్న కిటుకు ఉంది. పలకకి తగిలే ముఖాన్ని మధ్యలో ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర ఉబ్బు ఉండేలా చిత్రిక పట్టాలి, కొసలకి వచ్చేసరికి సున్నా. రెండు కొసల్లోనూ బోల్టులు కొంచెం బిగించగానే ఉబ్బు అణిగి మధ్య పలకలకి కూడా ఒత్తిడి అందుతుంది. తిన్నటి వాసమైతే కొసల్లోనే పట్టి మధ్యలో గాలి ఉంటుంది.

వాసాల ముఖానికి ప్యాకింగ్ టేపు అంటించండి, లేకపోతే బల్లతోపాటు క్లాంపు కూడా అతుక్కుపోతుంది. ఇనుము తడి జిగురుకి తగలకుండా చూడండి. నల్లతుమ్మ లాంటి వగరు చెక్కల మీద తడి ఇనుము తగిలితే నల్ల మచ్చలు పడతాయి, ఎంత గీకినా లోపలికి దిగి ఉంటాయి.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
వెయ్యి కిలోలు రెండు వాసాలు పంచుకుంటే చెరి 500. 16 మిల్లీమీటర్ల బోల్టు, 5 సెంటీమీటర్ల వాసం. ఆనే వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకి 62 కిలోలు. మద్ది నార వెంబడి అంతకంటే చాలా ఎక్కువే ఓర్చుకుంటుంది. కాకపోతే బోల్టు రంధ్రం వాసం కొసకి మరీ దగ్గరగా వేయకండి, చీలిపోతుంది. కనీసం పది సెంటీమీటర్లు వదలండి.

మిల్లు_బెల్టు (చీపురుపల్లి)
రాడ్డు కొస పలకని రుద్దకుండా ఏం చేస్తున్నారు? ఆ గుండ్రటి కొస తిరుగుతూ ఉంటే అంచు పలకని కూడా తనతో లాక్కుపోతుంది, బిగించేకొద్దీ పలక పైకి పాకుతుంది. నేను చేసేది చెబుతాను. రాడ్డు కొస మధ్యలో డ్రిల్లుతో చిన్న గుంట చేస్తాను. మందపాటి ఇనుప ముక్కకి ఎదురుగా అలాంటిదే ఇంకో గుంట. రెండింటి మధ్య పాత బేరింగులోంచి తీసిన గోళీ, కాస్త గ్రీజు. రాడ్డు తిరుగుతుంది, ఇనుప ముక్క మాత్రం పలకని ఆనుకుని ఊరికే నిలబడి ఉంటుంది. ఆ ఇనుప ముక్కకి ముందు రైస్ మిల్లు పాత బెల్టు ముక్క అతికించండి. మూడు నాలుగు పొరల గుడ్డ, రబ్బరు ఉన్న బెల్టు అది, అరిగిపోవడం అంటే తెలియదు. మన జిల్లాల్లో మూతపడ్డ మిల్లులకి కొదవ లేదు, అడిగితే ఊరికే ఇస్తారు.

పనస_చెక్క (పలాస)
గోళీ పద్ధతి చాలా బాగుంది. అదే చేస్తున్నాను.

సిమెంటు_మరక
సెంట్రింగ్ రాడ్లకి సిమెంటు పట్టి ఉంటుంది. కిరోసిన్‌లో నానబెట్టి ఇనుప బ్రష్ కొట్టాలి. మరలో ఇసుక రేణువులు ఉంటే నట్టు అరిగిపోతుంది. అసలు ఆ ముతక మర పెట్టిందే సిమెంటు పట్టినా తిరగాలని. తర్వాత గ్రీజు బదులు కొవ్వొత్తి మైనం రుద్దండి. గ్రీజుకి రంపపు పొట్టు అతుక్కుంటుంది, చెక్క మీద పడితే పాలిష్ పట్టదు.

నాగావళి_గట్టు
టై రాడ్లు కూడా చూడండి. గోడలకి షట్టరింగ్ బిగించే సన్న రాడ్లు, రెక్కల నట్టులతో వస్తాయి. ఒక చుట్టు తిప్పితే 6 నుంచి 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. 16 మిల్లీమీటర్ల మామూలు మర అయితే చుట్టుకి 2 మిల్లీమీటర్లే. జిగురు ఆరిపోతుంటే ఆ తొందర తేడా తెలుస్తుంది.

వడ్రంగి_ఇల్లు (నరసన్నపేట)
క్లాంపు గురించి ఇంత మాట్లాడారు, అంచు గురించి కూడా నాలుగు మాటలు వినండి. రెండు పలకల అంచులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెనక సెల్ లైటు పెట్టండి. ఎక్కడా వెలుతురు కనపడకూడదు. పొడవు పలకలకి మా నాన్నగారు మధ్యలో ఒక్క చిత్రిక పొర ఎక్కువ తీసేవారు. కొసలు తాకి, మధ్యలో కాగితం దూరేంత సందు. మధ్య క్లాంపు బిగిస్తే ఆ సందు మూసుకుపోయి కొసలు ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి. ఎండకి ముందుగా ఎండేవి, విచ్చుకునేవి కొసలే కదా. ఆరు టన్నులున్నా అరవై టన్నులున్నా వంకర అంచుని క్లాంపు సరిచేయదు. బలంతో మూసిన సందు ఎప్పటికైనా తెరుచుకుంటుంది.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
ఈ పోస్టు ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది. నేను చెప్పిన 10 కిలోల లెక్క కూడా సందు లేని అంచుకే.

కొత్త_ఉలి
చెక్క పూర్తిగా ఆరిందో లేదో తెలుసుకునేదెలా? మీటర్ కొనాలా?

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
అక్కర్లేదు. పలక కొస నుంచి ఒక అడుగు వదిలి లోపలి నుంచి చిన్న ముక్క కోయండి. వంటింటి డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. తర్వాత ఓవెన్‌లో 100 డిగ్రీలు దాటీ దాటకుండా పెట్టి, మధ్యమధ్య తూస్తూ, బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. తగ్గిన బరువుని ఆరిన బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం. ఇంట్లో వాడే సామానుకి 10 నుంచి 12 మధ్య ఉంటే మంచిది. సముద్రం పక్క ఊళ్లలో షెడ్డులో ఉన్న చెక్కకి ఇంకొంచెం ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు పలకలు తెచ్చి ఇంట్లోనే ఫ్యాను కింద కొన్ని వారాలు ఉంచండి.

మిల్లు_బెల్టు (చీపురుపల్లి)
ఓవెన్ మాట ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. పనస వాసనకి కేకు అనుకుని పిల్లలు వచ్చేస్తారు.

ట్యూబు_చుట్టు (పాలకొండ)
బల్ల కాళ్లకి, కుర్చీలకి ఈ ప్రెస్ అవసరం లేదు. పాత మోటారు సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, లాగి లాగి చుట్టండి. ప్రతి చుట్టుకీ ఒత్తిడి పెరుగుతూ పోతుంది, గుండ్రటి వాటికీ వంకర వాటికీ దీన్ని మించింది లేదు. చేతికి నొప్పి వచ్చిందంటే సరిపోయిందని లెక్క.

పనస_చెక్క (పలాస)
అందరికీ కబురు. కట్టేశాను. వాసాలతో ఆరు క్లాంపులు, కొసల్లో గోళీలు, మిల్లు బెల్టు ముక్కలు. ఛానళ్లు ఊరికే పోలేదు. రెండింటిని నేల మీద పట్టాల్లా పరిచి, నీటి మట్టం చూసి కింద చెక్క ముక్కలతో సమం చేశాను, వాటి మీదే క్లాంపులు కూర్చున్నాయి. మెలి ఉందేమోనని మూల నుంచి మూలకి రెండు దారాలు కట్టి చూశాను. మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి కదా, అలాగే ఉంది.

వడ్రంగి ఇంటి వారి మాట ప్రకారం అంచులు పూర్తయ్యాకే జిగురు డబ్బా మూత తీశాను. ముందు జిగురు లేకుండా మొత్తం బిగించి చూసుకున్నాం. అసలు బిగింపు తెల్లారగట్ల పెట్టుకున్నాం, ఎండ లేకుండా. నాన్న ఒక వైపు, నేను ఒక వైపు, నడిమి క్లాంపు నుంచి కొసలకి. బిగుస్తున్నకొద్దీ అతుకు పొడవునా జిగురు చిన్న చిన్న చుక్కలుగా వరసగా పైకి వచ్చింది. మొదట ఎడమ కొసన ఒక జానెడు మేర రాలేదు. అక్కడి క్లాంపుని అంచు వైపు కొంచెం జరిపి బిగించాక అక్కడా వచ్చింది. తడి గుడ్డతో తుడవకుండా, జిగురు సగం గట్టిపడ్డాక ఉలితో గీకేశాం.

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
చుక్కలు వరసగా వచ్చాయంటే ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టే. కారిపోయిందంటే జిగురు ఎక్కువైనట్టు, రాలేదంటే జిగురు తక్కువో ఒత్తిడి తక్కువో. తుడవకపోవడం మంచి పని. తడి గుడ్డ జిగురుని నారలోకి తోస్తుంది, పాలిష్ చేశాక అక్కడ తెల్లగా కనిపిస్తుంది. ఎంతసేపు ఉంచారు?

పనస_చెక్క (పలాస)
మర్నాడు పొద్దున్న దాకా.

చిత్రిక_పట్టు (బొబ్బిలి)
సరిపోయింది. అతుకు ముందే పట్టినట్టు కనిపించినా, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. ఇంకో వారం ఆగి చిత్రిక పట్టండి. జిగురులో నీటికి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. ఉబ్బు మీదే చదును చేస్తే ఆరాక అతుకు వెంట సన్నటి పల్లం తేలుతుంది.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
కింద అడ్డపట్టీలు మేకులతో గాని జిగురుతో గాని బిగించకండి. మూడడుగుల వెడల్పు చెక్క వానాకాలానికీ వేసవికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. పట్టీలో స్క్రూ రంధ్రం గుండ్రంగా కాకుండా పొడవుగా చేయండి, నడిమి స్క్రూ ఒక్కటే గట్టిగా ఉండాలి. చెక్కని కదలనివ్వకపోతే అతుకు గట్టిగా ఉన్నా పలకే పగులుతుంది.

ఉద్దానం_కొబ్బరి (కవిటి)
మా ఇంట్లో తిత్లీకి పడిన వేప, పనస ఇంకా ఉన్నాయి. ఈ క్లాంపులు అద్దెకి ఇస్తారా?

పనస_చెక్క (పలాస)
అద్దె ఎందుకండీ, ఊరికే తీసుకెళ్లండి. వాసాలు విప్పితే ఆటోలో పడతాయి. గోళీలు జాగ్రత్త, డబ్బాలో విడిగా పెట్టి ఇస్తాను.

వెల్డింగ్_రాజాం
ఆ లారీ జాకీ ఏం చేస్తారు మరి? తలుపుల మీద పల్చటి టేకు పొర అతికించడానికి నిలువు ప్రెస్ కట్టాలని నాకు ఉంది. 100 ఛానళ్లు మా దగ్గర ఉన్నాయి, ఫ్రేము మధ్య ఎడం 80 సెంటీమీటర్లు. జాకీ నిలువుగానే ఉంటుంది కాబట్టి నూనె సమస్య రాదు.

లెక్కల_మాస్టారు (విజయనగరం)
80 సెంటీమీటర్ల ఎడానికి, మధ్యలో 5 టన్నులకి, 100 ఛానళ్లు జంటగా పెడితే చదరపు సెంటీమీటరుకి 1,350 దగ్గర వస్తుంది, ఫ్రేము నిలుస్తుంది. కానీ ఒత్తిడి సంగతి చూడండి. 60 గుణకారం 90 పలక అంటే 5,400 చదరపు సెంటీమీటర్లు. 5,000 కిలోలు దాని మీద పరిస్తే సెంటీమీటరుకి ఒక కిలో కూడా పడదు. ఒకేసారి మొత్తం తలుపు కాదు, సన్న పట్టీలకైతే కట్టుకో తమ్ముడూ. పెద్ద పలకలకి ఒకే జాకీ చాలదు. నాలుగు మూలలా నాలుగు సెంట్రింగ్ రాడ్లు, మధ్యలో ఉబ్బున్న అడ్డపట్టీలు, అదే దారి.

వెల్డింగ్_రాజాం
సరే మాస్టారూ. సెంట్రింగ్ రాడ్లే వెతుకుతాను. ఆమదాలవలస వైపు ఎవరి దగ్గరైనా పాతవి ఉంటే చెప్పండి, గట్టివి కావాలి, బోలు పైపువి వద్దు.

సిమెంటు_మరక
మా దగ్గర పది ఉన్నాయి. రెండింటికి మర కొస దెబ్బతింది, ఆ కొస కోసేస్తే బాగుంటాయి. ఆదివారం రండి, నట్టు ఎక్కించి తిప్పి చూసుకుని తీసుకెళ్దురుగాని.